వైద్యుని కాలము ఊరి ఉమ్మడి సొత్తు

(గరికపాటి గ్రామస్థుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



పాలేటి ఒడ్డున, రెండు రాష్ట్రముల సరిహద్దున నున్న ఈ గరికపాటికి మేము పలుమారులు వచ్చితిమి. వచ్చినప్పుడెల్ల మీరు అడుగునట్టి ప్రశ్నలు మూడు. సాగరు నీరు ఎన్నడు వచ్చును? పత్తికి, మిరపకు ధర యెట్లుండును? మూడవది, "సర్కారు దవాఖానాకు పోయినప్పుడు డాక్టరుగారు ఎందుకు దొరకరు? దొరికినను రెండు మాటలు వినకముందే చీటి ఎందుకు వ్రాయుదురు?" మొదటి రెండింటికి బదులు చెప్పువారు వేరే కలరు. పైరుల విషయమున మీ ఊరి కృషి విజ్ఞాన కేంద్రమే మీకు అండగా నున్నది. మూడవ ప్రశ్నను గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిమి.

ముందుగా మా లోపమును మేమే చెప్పుకొనుట న్యాయము. మా వృత్తి ప్రచారము. కొత్త ఆసుపత్రి భవనము తెరచిన దినమున ఫొటో తీయించి వార్త పంపుదుము. "ఏ జబ్బు వచ్చినను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు రండు" అని గోడలపై వ్రాయించితిమి. మీరు వచ్చితిరి. వచ్చిన వారిని చూచుటకు లోపల ఎందరున్నారు, వారి చేతిలో ఎంత కాలమున్నది అనునది మాత్రము మేము ఏనాడును చెప్పలేదు. భవనము కనబడును, బోర్డు కనబడును. వైద్యుని కాలము కంటికి కనబడదు. కనబడనిదానిని లెక్కించి చూపుటయే నేటి మా పని.

వరండాలో ఒక ఉదయము

ఒంటిపూట బడులు మొదలైన వేసవి రోజులలో మేము వేరొక మండలమునందలి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోయి, వరండాలోని బల్లపై కూర్చుంటిమి. అక్కడి ఇద్దరు వైద్యులలో ఒకరు ఆ దినమున 104 వాహనముపై గ్రామమునకు వెళ్లియుండిరి. రెండవవారు ముప్పది యేండ్లు నిండని వైద్యురాలు. ఆమె ఒక్కరే రోగులను చూచుచుండిరి. వరుసలో అరువదిమందికి తక్కువ లేరు.

మేము వరుసలోని వారిని పలుకరించితిమి. ఒక అవ్వ రక్తపుపోటు మాత్రల కొరకు ఆటోలో వచ్చినది. అవే మాత్రలు తన ఊరి క్లినిక్కులో ఇత్తురని ఆమెకు ఎవరును చెప్పలేదు. ఒక యువకుడు సర్టిఫికెట్టు కొరకు నిలిచియుండెను. ఇద్దరు తల్లులు చంటిబిడ్డలకు టీకాలు వేయింప వచ్చి, అది టీకాల దినము కాదని తెలిసి చింతించుచుండిరి. ఇంతలో ఒక పెద్దమనిషి వరుసను దాటి నేరుగా లోపలికి పోయి, నీరసముగా నున్నది, బలమునకు సూది వేయుడని కూర్చుండెను. సూది అక్కరలేదని వైద్యురాలు నచ్చజెప్పుటకు పట్టిన కాలములో నలుగురు రోగులను చూడవచ్చును.

వరుస కొసను, మిరపకల్లములలో కూలికి పోవు ఒక నడివయసు స్త్రీ కూర్చుండెను. మూడు వారములనుండి దగ్గు, సాయంకాలమైనచో ఒళ్లు వెచ్చబడుట. పన్నెండున్నర దాటగానే ఆమె లేచినది. "పిల్లలు బడినుండి వచ్చు వేళయైనది. పూటకూలి ఎట్లును పోయినది. ఊరిలో ఆర్.ఎం.పి.గారిని అడుగుదును లెండి" అని వెడలిపోయినది. అదృష్టవశమున ఆ ఊరి ఆశా కార్యకర్త విడువక మరునాడు ఆమెను మరల తీసికొనివచ్చెనని, కఫపరీక్షలో క్షయ ఉన్నట్లు తేలెనని, మందులు మొదలిడిరని తరువాత మాకు తెలిసినది.

ఆ ఉదయమున ఆ కేంద్రమునకు వచ్చినవారిలో వైద్యుని కన్ను అత్యవసరముగా పడవలసినది ఆమెపైననే. ఆమెపై మాత్రమే అది పడలేదు. సాగరు ఎడమకాలువ ఆయకట్టు రైతులైన మీకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగి, 1967 ఆగస్టు 4వ తేదీన కాలువలకు నీరు విడిచిన నాటినుండి మీ ప్రాంతమున వినబడు మాట ఒక్కటే: తూముదగ్గరివాడు అక్కరకు మించి పెట్టుకొన్నచో చివరి ఆయకట్టు ఎండిపోవును. వైద్యుని కాలమును అట్టిదే. అది ఊరికంతకు ఉమ్మడి నీరు. ఆ దినమున చివరి ఆయకట్టు ఆ కూలి స్త్రీ.

లెక్క చూతము

మైదాన ప్రాంతమున 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఉండవలెనని నియమము. కొండ ప్రాంతములందును గిరిజన ప్రాంతములందును 20,000కు ఒకటి. మైదానమున 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రము. ఈ నియమమునకు వెనుక పెద్ద చరిత్ర కలదు.

మన కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1924 ప్రాంతమున, ఆనాటి ప్రభుత్వము ఒక పద్ధతి నెలకొల్పినది. పట్టణము విడిచి పల్లెలో స్థిరపడు వైద్యునకు ఏటేట కొంత సొమ్ము సహాయముగా ఇచ్చి, బీదలకు ఉచితముగా వైద్యము చేయుమని, తక్కినవారివద్ద రుసుము తీసికొనుమని ఏర్పాటు చేసెను. అనగా పల్లెకు వైద్యుడు తనంతట రాడని, వచ్చినవాడు నిలువవలెనన్న అతని జీవనము సంగతి ఆలోచింపవలెనని నూరేండ్ల క్రిందటనే పాలకులకు తెలిసియుండెను.

తరువాత 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక సంఘము ఏర్పడి 1946లో నివేదిక సమర్పించినది. మొదటి దశలో 40,000 జనాభాకు ఒక ప్రాథమిక కేంద్రము, అందు ఇద్దరు వైద్యులు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు మొదలుగాగల సిబ్బంది ఉండవలెనని ఆ సంఘము చెప్పినది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము మొదలైన పిమ్మట బ్లాకునకు ఒక కేంద్రము చొప్పున వెలసినవి. ఒక్కొక్క బ్లాకులో అరువదివేలనుండి లక్షవరకు జనులుండిరి. 1959లో నియమితమైన మొదలియారు సంఘము ఇది మోయరాని బరువని చెప్పి, కేంద్రమునకు 40,000 మించరాదనెను. కేంద్రములను పెంచుటకన్న ముందు ఉన్నవానిని బలపరచుడనియు హెచ్చరించినది. ఆ హెచ్చరిక నేటికిని పాతబడలేదు.

ఇక నేటి లెక్క. 30,000 మందిలో ఒక్కొక్కరు సంవత్సరమునకు రెండుమార్లు మాత్రమే వైద్యుని యొద్దకు పోవుదురనుకొందము. 60,000 రాకలు. పనిదినములు 300 అనుకొన్నచో దినమునకు 200 మంది. ఇద్దరు వైద్యులలో ఒకరు గ్రామములకు వెళ్లినప్పుడు కేంద్రమున మిగులునది ఒక్కరు. ఆ ఒక్కరు ఎడతెగక ఆరు గంటలు కూర్చున్నను, అనగా 360 నిమిషములు, ఒక్కొక్క రోగికి వచ్చునది 1 నిమిషము 48 సెకండ్లు. ఈ కాలములోనే బాధ వినవలెను, నాడి చూడవలెను, పాతచీటి చదువవలెను, మందు వ్రాయవలెను, వాడు విధము చెప్పవలెను. అందరును కేంద్రమునకే పోవుట లేదు గనుక ఈ లెక్క దినదినమునకు మారును. అయినను బరువు తూకము మీకు తెలియుటకు ఇది చాలును.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదియే కాదు. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారము, రోగితో వైద్యుడు గడుపు సగటు కాలము స్వీడను దేశమున 22 నిమిషముల 30 సెకండ్లు కాగా, పొరుగున నున్న బంగ్లాదేశమున 48 సెకండ్లు. మన దేశమునది రెండు నిమిషముల ప్రాంతము. ఇంగ్లండులో పూర్తి అర్హతగల ఒక్కొక్క కుటుంబవైద్యుని జాబితాలో 2,200కు పైబడి జనులుందురు. అదియే ఎక్కువయని అచటి వైద్యులు మొఱపెట్టుచున్నారు. మన కేంద్రమున ఇద్దరు వైద్యుల పోస్టులును నిండియున్నచో ఒక్కొక్కరి వంతు 15,000. ఒక పోస్టు ఖాళీగా నున్నచో 30,000.

వైద్యుని దినములో ఇంకేమి కలవు

రోగులను చూచుట ఒక్కటియే పనియైనచో ఎట్లో నడచును. ఆంధ్రప్రదేశములో 2022 అక్టోబరు 21న ప్రయోగాత్మకముగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనముగా ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టరు విధానము ప్రకారము, ప్రతి కేంద్రమున ఇద్దరు వైద్యులుండి, ఒకరు కేంద్రమున రోగులను చూచుచుండగా రెండవవారు 104 వాహనముపై గ్రామములకు పోవలెను. గ్రామమునకు నెలకు రెండుమార్లు పోవుట, మంచము పట్టినవారిని ఇంటికి పోయి చూచుట, అంగన్‌వాడీని, బడిని తనిఖీచేయుట ఇందు చేరినవి. ఆలోచన మేలైనది. ఆటో ఛార్జీ పెట్టుకొనలేని ముసలివారికి వైద్యుడే గుమ్మములోనికి వచ్చుటకన్న కావలసినదేమి? ఐతే ఇద్దరిలో ఒకరు బదిలీపై పోయినప్పుడు, ప్రసూతి సెలవు తీసికొన్నప్పుడు, పై చదువునకు వెళ్లినప్పుడు, మిగిలినవారు ఏకకాలమున రెండుచోట్ల ఉండలేరు కదా.

దీనికితోడు కాగితముల పని కలదు. కాగితము పోయి ఫోను, టాబ్లెట్టు వచ్చినవి. గర్భిణుల నమోదు, టీకాల నమోదు, క్షయ నమోదు, మధుమేహము రక్తపుపోటు పరీక్షల నమోదు, ముఖము చూపి వేయు హాజరు, అన్నియు ఆన్‌లైనులో జరుగవలెను. సిగ్నలు అందని పల్లెలో ఒక్క పేరు ఎక్కించుటకు పట్టు కాలము అనుభవించినవారికే తెలియును.

ఆపదలు వేరు. 2024 జూన్ నెలలో జగ్గయ్యపేట, వత్సవాయి మండలములందు అతిసారము వ్యాపించినది. ఆ సెప్టెంబరు 1వ తేదీన పాలేరు పొంగి, మీ ఊరి వంతెనవద్ద జాతీయ రహదారి కోతబడి, హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు నిలిచిన సంగతి మీకన్న ఎరిగినవారెవరు? అంతకు ముందటి యేడు, 2023 జూలైలో, మున్నేరు పొంగి ఐతవరమువద్ద ఇదే రహదారిని ముంచినది. ఇట్టి వేళల వైద్యసిబ్బంది శిబిరములకు తరలవలసియుండును. అప్పుడు కేంద్రమున నెలనెల మందులకు వచ్చువారి సంగతి వెనుకబడును.

జీతము, చదువు, పదోన్నతి

జీతముల మాట ఎత్తుట మర్యాదకాదని కొందరందురు. పొలము పనికి కూలి ఎంతయని ముందుగా మాటాడుకొనుట తప్పుకాదు కదా, ఇదియు అంతే. ప్రభుత్వ కేంద్రమున చేరు ఎం.బి.బి.ఎస్. వైద్యుని వేతనశ్రేణి 2022 సవరణ ప్రకారము 61,960 రూపాయల మూలవేతనముతో మొదలగును. ఉపకేంద్రమున నుండు సామాజిక ఆరోగ్య అధికారి, అనగా నర్సింగు పట్టము గలవారు, ఒప్పందముపై నెలకు 25,000 రూపాయలు, దానిపై పనినిబట్టి ప్రోత్సాహకము పొందు ఏర్పాటుతో చేరిరి. ఆశా కార్యకర్తకు 2019నుండి మన రాష్ట్రమున నెలకు 10,000 రూపాయల గౌరవవేతనము. 2025లో ఆశాలకు గ్రాట్యుటీ, ప్రసూతి సెలవు ప్రకటింపబడినవి.

ఐనను అసంతృప్తి తీరలేదు. 2025 వేసవిలో సామాజిక ఆరోగ్య అధికారులు ఉద్యోగ భద్రత, వేతనముల పెంపు కోరి సమ్మె చేసిరి. 2024లోను, మరల 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలలలోను ప్రాథమిక ఆరోగ్య కేంద్రముల వైద్యులు ఆందోళనకు దిగిరి. వైద్యుడు కుర్చీ విడిచి వీథికి వచ్చిన దినమున నష్టపడునది రోగియే. ఈ మాట వైద్యులును ఎరుగుదురు. అయినను వారు ఎందుకు వచ్చిరో తెలిసికొనుట మనకు మంచిది.

వారి కోరికలలో ముఖ్యమైనది పి.జి. చదువులో సర్వీసు కోటా. పల్లెలో కొన్ని యేండ్లు పనిచేసిన వైద్యునకు పి.జి. సీట్లలో కొంత భాగము ప్రత్యేకించు పద్ధతి ఇది. యువ వైద్యులను పల్లెకు రప్పించు ఆకర్షణ చాలవరకు ఇదియే. 2024లో ఈ కోటాను ప్రభుత్వము తగ్గింపగా ఆందోళన జరిగి, చర్చల పిమ్మట తగ్గింపు కొంత సవరింపబడినది. ఇందు రెండు ప్రక్కల న్యాయము కలదు. కోటా చిక్కిపోయినచో పల్లెకు వచ్చువారు తగ్గుదురు. కోటా విశాలమైనచో వచ్చినవారు త్వరలో చదువునకు వెడలి పల్లె కుర్చీ ఖాళీయగును. వారు నిపుణులై తిరిగివచ్చినను పెద్ద ఆసుపత్రులకే పోవుదురు. జగ్గయ్యపేట, నందిగామ ప్రభుత్వాసుపత్రులకు మత్తువైద్యుడు, కాన్పుల వైద్యురాలు కావలెనన్న ఆ చదువు జరుగవలసినదే. కనుక పోవువాని స్థానమున వచ్చువానిని ముందుగానే సిద్ధపరచుట ఒక్కటే ఉపాయము. నారుమడి పోయకుండ నాటు వేయజాలము.

రెండవది పదోన్నతి. ఏండ్ల తరబడి ఒకే హోదాలో ఉండవలసివచ్చుచున్నదని, నిర్ణీత కాలమునకు పదోన్నతి ఈయవలెనని వారు కోరుచున్నారు. గిరిజన ప్రాంతమున పనిచేయువారు ప్రత్యేక భత్యము అడుగుచున్నారు. సంచార వైద్యమునకై వాహనముపై తిరుగు దినములకు భత్యము కావలెనని మరియొక కోరిక. వీనిలో ఏది ఎంతవరకు ఈయదగునో ఖజానాను చూచి పాలకులు తేల్చవలసియున్నది. కాని ఇది వైద్యుల సొంత తగవు, మనకేమి యని ఊరివారు చేతులు ముడుచుకొనరాదు. ఆ తగవు తెగువరకు ఖాళీగా నుండు కుర్చీ ఊరివారిదియే.

ఇంగ్లండు దేశపు అనుభవము ఒకటి ఇక్కడ చెప్పవలసినది. 1948 జూలై 5న అచట ప్రజలందరికి ఉచిత వైద్యసేవ మొదలైనది. ప్రతి కుటుంబమునకు ఒక వైద్యుడు. పదునైదేండ్లు గడచుసరికి కుటుంబవైద్యులు బరువు మోయలేక నీరసించిరి. పలువురు దేశము విడిచిరి. 1965లో పదునెనిమిదివేలమంది వైద్యులు తేదీ వేయని రాజీనామా పత్రములు వ్రాసి తమ సంఘమునకు ఇచ్చిరి. ప్రభుత్వము వారితో కూర్చుండి మాటాడి, 1966లో కొత్త ఒప్పందము చేసికొనెను. వైద్యుని ఆదాయమును సవరించుటతో పాటు, అతడు నర్సును, గుమాస్తాను పెట్టుకొన్నచో వారి జీతములో 70 శాతము ప్రభుత్వమే భరించునట్లు నిర్ణయించెను. దానితో ఒంటరి వైద్యుని స్థానమున ఒక జట్టు ఏర్పడినది. కట్టు కట్టుట, సూది వేయుట నర్సుకు, కాగితములు గుమాస్తాకు పోగా వైద్యునకు రోగి మిగిలెను. ఆ కుటుంబవైద్యులలో మన దేశమునుండి, మన తెలుగునాటినుండి పోయినవారును కలరు. వైద్యుని చుట్టు నున్నవారికి సరియైన జీతమిచ్చుట వైద్యుని కాలమును కొనుటతో సమానమని దీనివలన మనము గ్రహింపవలెను.

ప్రభుత్వము చేయవలసినది, ఊరు చేయదగినది

ప్రభుత్వము చేయవలసినవి స్పష్టమే. ఖాళీ పోస్టులను ఖాళీ కాకముందే లెక్కించి నింపుట. ఒప్పంద సిబ్బంది జీతము నెలనెల తప్పక ఇచ్చుట. వైద్యుని చేతినుండి నమోదు పనిని తీసి వేరొకరికి ఇచ్చుట. పల్లెలో ఉండువారికి నివాసము కల్పించుట. ఇవి చేయుమని అడుగుట మీ హక్కు. అడుగునప్పుడు "ఆసుపత్రి బాగులేదు" అని మాత్రము వ్రాయకుడు. మా కేంద్రమున మంజూరైన పోస్టులెన్ని, నిండినవెన్ని, ఏ తేదీనుండి ఏ పోస్టు ఖాళీ, 104 వాహనము ఏయే తేదీలలో రాలేదు అని వ్రాయుడు. సోమవారము కలెక్టరేటులో జరుగు ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అట్టి అర్జీని ఇచ్చి రసీదు పుచ్చుకొనుడు. అంకెలున్న అర్జీకి ఉత్తరము వ్రాయక తప్పదు.

ఇక ఊరు తన చేతితో చేసికొనదగినవి కొన్ని కలవు.

మొదటిది, తొలి మెట్టును వాడుకొనుట. రక్తపుపోటు, మధుమేహములకు ఒకమారు వైద్యుడు మందు నిర్ణయించిన పిమ్మట నెలనెల మాత్రలకు, పరీక్షకు ఊరి క్లినిక్కునకే పోవుడు. చిన్నగాయములకు, టీకాలకు, గర్భిణి తొలి నమోదునకు అచటి సామాజిక ఆరోగ్య అధికారియు, ఏ.ఎన్.ఎం.గారును చాలుదురు. అవసరమైనచో వారు ఫోనుద్వారా వైద్యునితో మాటాడింతురు. మన లెక్కలోని 200 మందిలో సగముమంది ఇట్లు ఊరిలోనే తేలినచో, మిగిలిన వంద మందిలో ఒక్కొక్కరికి 3 నిమిషముల 36 సెకండ్లు దక్కును. కొత్త వైద్యుడు రాకుండగనే కాలము రెట్టింపైనది.

రెండవది, 104 వాహనము వచ్చు తేదీని రచ్చబండ దగ్గర వ్రాసిపెట్టుట. పంచాయతీవారు ముందునాడు దండోరా వేయించినచో, పొలమునకు పోవువారు ఆ పూట ఆగుదురు. పాతచీటీలను, మందుల అట్టలను ఒక సంచిలో పెట్టి వెంట తెచ్చుడు. చీటి లేనిదే వైద్యుడు మొదటినుండి అడుగవలసివచ్చును.

మూడవది, సూది కొరకు, సెలైను కొరకు పట్టుపట్టకుండుట. నీరసమునకు సెలైను మందుకాదు. విరేచనములైనప్పుడు మొదట కావలసినది ఓ.ఆర్.ఎస్. నీరు. వైద్యుడు సూది వేయనన్నచో నిర్లక్ష్యమని తలపకుడు. ఎట్టి శిక్షణయులేని చేతులతో ఎడాపెడా సూదులు, స్టెరాయిడ్లు తీసికొని, జబ్బు ముదిరిన పిమ్మట వచ్చు రోగికి పదిమంది రోగుల కాలము పట్టును.

నాలుగవది, వరుస. సర్పంచిగారి చుట్టమైనను, మావంటి ఉద్యోగియైనను వరుసలోనే నిలువవలెను. ఆయాసము, గుండెనొప్పి, పాముకాటు, కాన్పు నొప్పులు, పసిబిడ్డకు తీవ్రజ్వరము, పురుగుమందు తలకెక్కుట — వీరికి మాత్రమే ముందు దారి. పత్తిచేలో మందు కొట్టుచు తూలినవానిని ఒక్క నిమిషము ఆపరాదు. 108కి ఫోను చేయుచునే తీసికొనిపోవుడు. రెండు వారములు దాటిన దగ్గు గలవారిని వరుసలోనున్నవారే గుర్తించి నర్సుకు చెప్పుడు. అట్టివారిని గాలివచ్చు చోట కూర్చుండబెట్టి ముందుగా చూచుట అందరికిని క్షేమము.

ఐదవది, మర్యాద. కోపము వచ్చుట సహజము. కాని వైద్యురాలిపై అరచుట, బల్లలు తన్నుట వలన జబ్బు తగ్గదు. వైద్యసిబ్బందిపై దౌర్జన్యమును నివారించుటకు 2008లోనే చట్టము చేయబడినది. చట్టముకన్న పెద్ద శిక్ష యొకటి కలదు: అవమానపడిన వైద్యుడు బదిలీ కోరుకొనును, ఆ ఊరిపేరు విన్న మరొకరు రారు.

ఆరవది, నీరు. వైద్యుని కాలమును మింగివేయునది మురికినీరే. 2024 నాటి అతిసారము మీకు నేర్పిన పాఠము ఇది. కాలువలో మునిగియున్న కుళాయి గొట్టమును పైకెత్తించిన వార్డు సభ్యుడు, ట్యాంకును కడిగించి క్లోరిను వేయించిన కార్యదర్శి, ఒక నెల వైద్యుని కాలమును ఊరికి మిగిల్చినవారు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉన్నది ఇందులకే. మీ ఊరి కమిటీ కడపట ఎప్పుడు కూర్చున్నదో ఈ సాయంకాలమే అడుగుడు.

సోదర సోదరీమణులారా! నీళ్లు చాలనప్పుడు మీరు వంతులవారీ పద్ధతి పెట్టుకొని, రాత్రి లాంతరు పుచ్చుకొని తూములవద్ద కాపలా కాచి, చివరి మడిని తడిపినవారు. ఆ వివేకమునే ఆసుపత్రి వరుసకును వర్తింపజేయుడు. పైనుండి నీరు విడువవలసిన బాధ్యత ప్రభుత్వముది. దానిని గట్టిగా అడుగుడు. వచ్చిన నీటికి గండి పడకుండ చూచుకొనుట మనది.

మేము చెప్పిన కూలి స్త్రీ ఆరుమాసముల మందును పూర్తిచేసి, మరుసటి ఋతువున కల్లమునకు తిరిగివచ్చినదని విన్నాము. ఆశా కార్యకర్త ఆమె ఇంటికి పోయియుండనిచో ఈ మాట చెప్పు భాగ్యము మాకుండెడిది కాదు. ఆశా చేసినది ఎవరైనను చేయవచ్చును. రేపు ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఒకమారు వెనుదిరిగి వరుస కొసను చూడుడు. అక్కడ ఎవరు దగ్గుచున్నారో కనుగొని, "అమ్మా, నీవు ముందు రా" అని పిలువుడు.